సంతకం పెట్టేముందు తెలుగు కాగితం అడగండి

నేను ఆరోగ్య బీమా ఏజెంటుని. ఉండేది నరసన్నపేట. పని మీద టెక్కలి, పలాస, పొందూరు, ఇటు రాజాం, చీపురుపల్లి దాకా తిరుగుతుంటాను. వెళ్లిన ప్రతి ఊళ్లో వినపడే మాట ఒకటుంది: "అందులో ఏటి రాసున్నాదో మాకేటి తెలుస్తాదమ్మా, సంతకం ఎట్టమన్నారు, ఎట్టీసినాం." కంపెనీ ఏదైనా, అమ్మినవాళ్లు ఎవరైనా, కాగితం మాత్రం ఇంగ్లీషులోనే ఇంటికొస్తుంది, బీరువాలో పట్టుచీరల కిందకి చేరుతుంది. అందులో ఏముందో తెలిసేది ఆసుపత్రిలో చేరి క్లెయిమ్ తిరస్కరణ అయినప్పుడు. తిరస్కరించిన ఉత్తరం కూడా ఇంగ్లీషే.

దీన్ని మార్చుకునే దారి ఇప్పుడు మన చేతుల్లో ఉంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2023 అక్టోబరులో ఇచ్చిన ఆదేశం 2024 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఆరోగ్య బీమా తీసుకున్న ప్రతి ఒక్కరికీ కంపెనీ "కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్" అనే కాగితం ఇవ్వాలి, అందినట్టు వాళ్ల నుంచి ఒప్పుకోలు తీసుకోవాలి. పాలసీదారు కోరితే ఆ షీటును స్థానిక భాషలో ఇవ్వాలి. ఇక్కడ ముఖ్యమైన మాట "కోరితే". అడగనివాళ్లకు ఇంగ్లీషుదే వస్తుంది, అక్కడ ఎవరూ నిబంధన తప్పినట్టు కాదు. అందుకే ఎప్పుడు, ఎవర్ని, ఏ మాటలతో అడగాలో రాస్తున్నాను.

ఏ కాగితం ఏమిటి

మీ చేతికి ముఖ్యంగా మూడు కాగితాలు వస్తాయి. మొదటిది ప్రపోజల్ ఫారం. మీ వయసు, జబ్బులు, వాడే మందులు, జరిగిన ఆపరేషన్లు మీరు కంపెనీకి చెప్పేది ఇందులోనే. రెండోది పాలసీ బాండు. పేజీలకు పేజీలుండే అసలు ఒప్పందం ఇది. మూడోది ఇందాక చెప్పిన షీటు. బాండులోని ముఖ్య విషయాలన్నీ అందులో క్లుప్తంగా ఉంటాయి: ఎంత మొత్తానికి బీమా, ఏవి వస్తాయి, ఏవి రావు, దేనికి ఎన్నాళ్లు ఆగాలి, ఎక్కడ కోత పడుతుంది, క్లెయిమ్ ఎలా చేయాలి, ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి.

ఈ మూడింటిలో స్థానిక భాషలో కోరితే ఇవ్వాలని గట్టిగా ఉన్నది షీటు విషయంలోనే. ప్రపోజల్ ఫారం, ఇతర పత్రాలు రాజ్యాంగం గుర్తించిన భాషల్లో ఇవ్వవచ్చునని 2017 నాటి నిబంధనల్లోనే చెప్పారు. "ఇవ్వవచ్చు" అన్నారు, "ఇవ్వాలి" అనలేదు. అందుకని బాండు మొత్తం తెలుగులో కావాలని పట్టుబట్టి కాలం పోగొట్టుకోవద్దు. షీటు తెలుగులో తీసుకోండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: షీటుకీ బాండుకీ తేడా వస్తే చెల్లేది బాండే. కాబట్టి షీటులో అనుమానం వచ్చిన చోట, బాండులో ఆ సంగతి ఏ పేజీలో ఉందో ఏజెంటు చేత వేలు పెట్టి చూపించుకోండి. చూపించలేని ఏజెంటు దగ్గర పాలసీ తీసుకోకండి. నా తోటి ఏజెంట్లకు ఈ మాట నచ్చదని తెలిసే రాస్తున్నాను.

ప్రపోజల్ ఫారం దగ్గరే అంతా ఉంది

షీటు కంటే ముందు వచ్చేది ఫారం. మన ప్రాంతంలో క్లెయిములు పోయేది ఎక్కువగా దీని వల్లే అని నా అనుభవం. ఏజెంటు ఇంటికి వస్తాడు. "బీపీ, సుగర్ ఏమైనా ఉన్నాయా?" అని నవ్వుతూ అడుగుతాడు. "ఏదో కొంచెం ఉందిలే బాబూ" అంటారు పెద్దాయన. ఫారంలో "లేదు" అని పడుతుంది. ఇంగ్లీషులో ఉన్న ఆ "లేదు" కింద పెద్దాయన సంతకం ఉంటుంది. రెండేళ్ల తర్వాత గుండెకు స్టెంటు వేయించుకుంటే కంపెనీ అదే ఫారం తీసి ముందు పెడుతుంది.

"నాకు ఇంగ్లీషు రాదు, ఏజెంటే నింపాడు" అంటే సరిపోతుందని చాలామంది నమ్ముతున్నారు. అలా నమ్ముకోవద్దు. చదవకుండా, అర్థం చేసుకోకుండా సంతకం పెట్టానని చెప్పి ఫారంలోని తప్పు సమాచారం నుంచి మామూలుగా తప్పించుకోలేరని 2019లో సుప్రీంకోర్టు ఒక జీవిత బీమా కేసులో చెప్పింది. ఇంకో వైపు, పాలసీదారుకు తెలియజేయని మినహాయింపు షరతును పట్టుకుని కంపెనీ క్లెయిమ్ ఎగ్గొట్టలేదని అదే కోర్టు 2000లో చెప్పి ఉంది. ఈ రెండూ కలిపి చూస్తే మనం చేయాల్సింది తేలుతుంది: మనం చెప్పినదీ, వాళ్లు చెప్పినదీ రెండూ రాతలో ఉండాలి.

ఫారం చివర్లో ఒక చిన్న పెట్టె ఉంటుంది. ఫారాన్ని వేరేవాళ్లు నింపినా, సంతకం చేసేవారికి ఆ భాష రాకపోయినా, అందులోని విషయాలన్నీ ఫలానా భాషలో పూర్తిగా వివరించామనీ, వాళ్లకు అర్థమైందనీ వివరించినవాళ్లు రాసి సంతకం చేసే చోటు అది. వేలిముద్ర వేసేవాళ్లకు కూడా ఇదే. ఈ పెట్టెను ఎవరూ పట్టించుకోరు. ఏజెంటు ఏదో పేరు రాసి పంపేస్తాడు, లేదంటే ఖాళీగానే వదిలేస్తాడు. మీరు మాత్రం ఇక్కడ ఆగండి. భాష అన్న చోట "తెలుగు" అని రాసి ఉందో లేదో చూడండి. వివరించినట్టు సంతకం పెట్టిన మనిషి నిజంగా మీ ముందు కూర్చుని చదివి చెప్పినవారేనా చూడండి. కొన్ని కంపెనీలు ఏజెంటు కాకుండా వేరేవాళ్లే ఇక్కడ సంతకం పెట్టాలంటాయి. అదే మంచిది కూడా. ఇంట్లో డిగ్రీ చదివే పిల్ల ఉంటే ఆమె చేత ప్రశ్న ప్రశ్నా చదివించుకుని, జవాబు మీరు చెప్పి, ఆమె చేతనే సంతకం పెట్టించండి.

ఇప్పుడు కాగితం ఫారాలు తగ్గిపోయాయి. ట్యాబులో నింపుతారు, ఫోనుకి ఓటీపీ వస్తుంది, "నంబరు చెప్పండమ్మా" అంటారు. ఆ ఓటీపీ చెప్పడమంటే సంతకం పెట్టడమే. ఓటీపీ చెప్పేముందు ట్యాబు మీ చేతిలోకి తీసుకోండి. జబ్బుల ప్రశ్నలున్న పేజీని ఫోటో తీసుకోండి. నింపిన ఫారం కాపీ వాట్సాప్‌లో పంపమనండి. పంపాకే నంబరు చెప్పండి.

ఆ తర్వాత కంపెనీ నుంచి ఫోను రావొచ్చు. ఆరోగ్యం గురించి అడిగే ఫోను, లేదా పాలసీ వివరాలు సరిచూసే ఫోను. మాట రికార్డవుతుంది. అవతలి మనిషి హిందీలోనో ఇంగ్లీషులోనో మొదలెడితే మనవాళ్లు మర్యాదకి "ఆఁ ఆఁ, ఎస్" అంటూ పోతారు. ఆ "ఎస్" దేనికి పడిందో వాళ్లకే తెలియదు. అప్పుడు ఒక్కటే చెప్పండి: "నాకు తెలుగు మాత్రమే వచ్చు. తెలుగు మాట్లాడేవారి చేత మళ్లీ ఫోను చేయించండి." అలా చెప్పి పెట్టేయండి. మళ్లీ చేస్తారు. తెలుగులో అడిగినప్పుడు బీపీ మాత్ర పేరుతో సహా చెప్పండి. ఫారంలో తప్పు పడి ఉంటే దాన్ని సరిచేసుకోవడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు.

ఉద్దానం వాళ్లకు విడిగా ఒక మాట. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ పరీక్షల క్యాంపులు ఊరూరా జరిగాయి. ఎవరింట్లో చూసినా కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చీటీ ఒకటి ఉంటుంది. "క్యాంపులో చూసినారు, మందులేటీ ఇవ్వలేదు, అది జబ్బు కాదు కదా" అని జీడిపప్పు కార్ఖానాలో పనిచేసే ఒక అక్క నన్ను అడిగింది. ఆ చీటీలో అంకె ఎక్కువగా ఉండి, డాక్టరు ఆ మాట మీతో అని ఉంటే, ఫారంలో అడిగిన చోట చెప్పి తీరాలి. చెబితే ప్రీమియం పెరగొచ్చు, ఒక్కోసారి పాలసీ ఇవ్వడం కుదరదనొచ్చు. చెప్పకపోతే డయాలసిస్ దాకా వెళ్లిన రోజున చేతిలో ఏమీ ఉండదు. ముందు నుంచీ ఉన్న జబ్బు చెప్పి తీసుకుంటే దానికి గరిష్ఠంగా 36 నెలలు ఆగితే చాలు. ఆ తర్వాత ఆ జబ్బుకీ బీమా వర్తిస్తుంది. పాలసీ ఆపకుండా 60 నెలలు కట్టినవాళ్ల క్లెయిమును, మోసం రుజువైతే తప్ప, సమాచారం దాచారన్న పేరుతో కంపెనీ కాదనలేదు. ఈ రెండు అంకెలూ 2024లో వచ్చిన నిబంధనల్లోవి. అంతకు ముందు రెండూ ఇంకా ఎక్కువ ఉండేవి.

తెలుగు షీటు అడిగే విధానం

నోటితో అడిగితే "సరే చూస్తాం" అంటారు, అక్కడితో పోతుంది. రాసి అడగండి. కంపెనీ ఈమెయిలు చిరునామా పాలసీ మొదటి పేజీలోనే ఉంటుంది. ఈమెయిలు చేతకాకపోతే శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో విశాఖలోనో ఉన్న వాళ్ల శాఖకు వెళ్లి రెండు కాపీలు ఇచ్చి, ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఉత్తరం పొడుగ్గా అక్కర్లేదు. నేను రాయించేది ఇలా ఉంటుంది:

"నా పాలసీ నంబరు ఫలానా. నాకు తెలుగు మాత్రమే చదవడం వచ్చు. ఈ పాలసీకి సంబంధించిన కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీటును ఐఆర్‌డీఏఐ ఆదేశం ప్రకారం తెలుగులో నాకు పంపగలరు. ఇకపై ఈ పాలసీ గురించి చేసే ఫోన్లు కూడా తెలుగులోనే చేయగలరు. ఇంగ్లీషు షీటు అందినట్టు నేను ఇచ్చిన సంతకం దాన్ని అర్థం చేసుకున్నట్టు కాదని మనవి."

చివరి వాక్యం తీసేయకండి. షీటు అందినట్టు మీ చేత ఫోనులోనే నొక్కించేసుకుంటారు. తర్వాత ఎప్పుడైనా గొడవ వస్తే ఆ వాక్యం మీ తరఫున మాట్లాడుతుంది.

తెలుగు షీటు కోసం ఎదురుచూస్తూ ఫ్రీ లుక్ గడువు పోగొట్టుకోకండి. పాలసీ బాండు అందిన రోజు నుంచి 30 రోజుల లోపు, షరతులు నచ్చకపోతే పాలసీ వెనక్కి ఇచ్చేయొచ్చు. గడిచిన రోజులకు ప్రీమియం, వైద్య పరీక్షలు చేయించి ఉంటే వాటి ఖర్చు, స్టాంపు డ్యూటీ మినహాయించుకుని మిగిలింది తిరిగి ఇస్తారు. కాబట్టి బాండు చేతికొచ్చిన రోజునే ఉత్తరం పంపండి. రెండు వారాలు దాటినా తెలుగు షీటు రాకపోతే ఇంగ్లీషు షీటే తీసుకుని ఎవరైనా తెలిసినవాళ్ల దగ్గర కూర్చోండి. ఊళ్లో ఇంగ్లీషు మాస్టారు గానీ, బ్యాంకులో చేసి రిటైరైన వారు గానీ ఉంటారు. షీటు మామూలుగా కొద్ది పేజీలే, ఒక సాయంత్రం చాలు.

ఫోనుతో ఫోటో తీసి తెలుగులోకి మార్చుకోవడం ఇప్పుడు పిల్లలంతా చేస్తున్నారు. కాగితం దేని గురించో తెలుసుకోవడానికి అది పనికొస్తుంది. సంతకానికి మాత్రం పనికిరాదు. "తప్ప", "మినహా", "లోపు" అన్న మాటలు ఒక్క చోట తారుమారైతే అర్థం తిరగబడిపోతుంది. బీమా కాగితంలో ఉండేవి అలాంటి మాటలే.

షీటులో ముందు ఎక్కడ చూడాలి

పైనుంచి కిందకి చదవక్కర్లేదు. ముందు పరిమితుల దగ్గరికి వెళ్లండి. అంటే రూమ్ రెంట్ ఎంత వరకు, ఏ ఆపరేషనుకు ఎంతకు మించి ఇవ్వరు, బిల్లులో మన వాటా ఎంత శాతం అన్న చోటు. తెలుగు షీటుల్లో ఇది "ఉప పరిమితి", "సహ చెల్లింపు" లాంటి పెద్ద మాటల్లో ఉంటుంది. బెదిరిపోకండి.

రూమ్ రెంట్ ఒక్కటి లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే మన వాళ్ల డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. మూడు లక్షల పాలసీలో రూమ్ రెంట్ రోజుకి ఒక శాతం అని ఉందనుకోండి. అంటే మూడు వేలు. విశాఖలో ఆసుపత్రికి వెళ్లి, "బంధువులు వస్తారు, కాస్త మంచి గది తీసుకుందాం" అని ఆరు వేల గది తీసుకున్నారు. పోయేది గదికి పైన పడ్డ మూడు వేలే అనుకుంటారు. కాదు. గది అద్దె మీ అర్హతకు రెట్టింపు కాబట్టి డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటరు, నర్సింగ్ లాంటి ఖర్చుల్లో కూడా సగమే ఇస్తారు. ఆ ఖర్చులు ఎనభై వేలైతే మీ జేబులోంచి నలభై వేలు కట్టాలి. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల బిల్లుకు ఈ కోత పడదు, ఐసీయూ చార్జీలకీ పడదు. పాలసీలో ఈ షరతు ఉందో లేదో, ఉంటే మీ అంకె ఎంతో ఒక చీటీ మీద తెలుగులో రాసి బీమా కార్డు వెనక అంటించుకోండి. ఆసుపత్రి కౌంటరు దగ్గర ఎవరు ఉన్నా ఆ చీటీ చూపిస్తే చాలు.

తర్వాత ఆగాల్సిన కాలాల దగ్గరికి రండి. మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప దేనికీ రాదు. శుక్లాలు, హెర్నియా, మోకాలి చిప్ప మార్పిడి లాంటివి జాబితాగా ఇచ్చి, వాటికి కొన్నేళ్లు ఆగాలంటారు. ఇంట్లో అమ్మకో నాన్నకో కన్ను మసకబారుతోందని తెలిసి, ఆ ఆపరేషను కోసమే పాలసీ తీసుకుంటుంటే ఈ జాబితా చూడకుండా డబ్బు కట్టొద్దు. మినహాయింపులు చివర్లో చూడండి. అవి అన్ని కంపెనీలకూ చాలా వరకు ఒకేలా ఉంటాయి.

పిల్లల కంపెనీ ఇచ్చే పాలసీ

బెంగుళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేసే కొడుకు పాలసీలో అమ్మానాన్నల పేర్లు ఉంటాయి. ఇక్కడ రాజాంలోనో బొబ్బిలిలోనో ఉండే వాళ్ల దగ్గర ఫోనులో ఒక కార్డు బొమ్మ తప్ప ఏమీ ఉండదు. షరతులన్నీ కంపెనీ వెబ్‌సైటులో, కొడుకు లాగిన్ వెనక ఉంటాయి. తల్లిదండ్రుల బిల్లులో వాళ్ల వాటాగా కొంత శాతం కట్టాలన్న షరతు ఇలాంటి పాలసీల్లో చాలాసార్లు ఉంటుంది. అది అమ్మానాన్నలకు డిశ్చార్జ్ రోజున తెలుస్తుంది. ఇక్కడ అడగాల్సింది కొడుకునో కూతురునో. వాళ్లు ఈసారి పండక్కి వచ్చినప్పుడు కూర్చోబెట్టి, రూమ్ రెంట్, మన వాటా శాతం, ఏ ఆసుపత్రుల్లో డబ్బు కట్టక్కర్లేదు, ఉద్యోగం మారితే ఏమవుతుంది, ఈ నాలుగూ తెలుగులో ఒక పేజీ రాయించుకోండి. వాళ్లు ఆఫీసుకి ఒక మెయిలు పెడితే బీమా కంపెనీ నుంచి షీటు వస్తుంది.

ఆసుపత్రిలో

డబ్బు కట్టకుండా వైద్యం కోసం ఆసుపత్రి పెట్టిన అభ్యర్థన మీద కంపెనీ గంటలోగా నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జ్ బిల్లు పంపాక మూడు గంటల్లోగా తేల్చాలి. ఆలస్యం వల్ల ఆసుపత్రి అదనంగా వసూలు చేసే డబ్బు కంపెనీయే భరించాలి. ఈ సంగతి తెలియక సాయంత్రం దాకా లాంజ్‌లో కూర్చుని, మరో రోజు గది అద్దె కట్టి వచ్చేవాళ్లు ఉన్నారు. ఇన్సూరెన్స్ డెస్కు దగ్గర "బిల్లు ఎన్ని గంటలకు పంపారో రాసివ్వండి" అని అడిగి, ఆ సమయం పెట్టుకోండి.

ఆపరేషనుకు ముందు ఒప్పుకోలు పత్రం మీద సంతకం అడుగుతారు. దాన్నీ తెలుగులో ఇవ్వమని అడగండి. ఎన్ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ఆసుపత్రులు రోగికి అర్థమయ్యే భాషలోనే ఒప్పుకోలు తీసుకోవాలి. ఆ గుర్తింపు బోర్డు రిసెప్షన్ దగ్గరే ఉంటుంది.

ప్రభుత్వ పథకంలో వెళ్లేవాళ్లకు ఈ బాధ చాలా తక్కువ. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు అనంతపురం, మహబూబ్‌నగర్‌లతో పాటు మన శ్రీకాకుళంలోనే మొదలైంది. ఆసుపత్రిలోనే కూర్చుని మన భాషలో మాట్లాడి దారి చూపే మనిషిని పెట్టడం ఆ పథకంలోని గొప్ప సంగతి. ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ, ఆ మనిషి వైద్య మిత్ర. ప్రైవేటు బీమా కంపెనీలు ఆసుపత్రికి ఒకరిని చొప్పున ఇలా పెడితే నేను ఇంత రాయాల్సిన పనే ఉండదు.

ఒడియా, సవర మాట్లాడేవాళ్లు

ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడేవాళ్లు తెలుగు షీటుతో సరిపెట్టుకోనక్కర్లేదు, ఒడియాలో కావాలని రాయండి. సవర వాళ్ల కష్టం వేరు. సీతంపేట, భామిని వైపు కొండల్లో, ఇప్పటి పార్వతీపురం మన్యం జిల్లాలో, సవర మాట్లాడే పెద్దవాళ్లకు తెలుగు షీటు ఇచ్చినా ఇంగ్లీషు షీటు ఇచ్చినా ఒకటే. సవర రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో లేదు. ఆ భాషలో అచ్చువేసిన బీమా కాగితం నేనెక్కడా చూడలేదు. అలాంటప్పుడు ఫారం చివరి పెట్టెలో భాష అన్న చోట "తెలుగు" అని రాసేయకూడదు. సవర వచ్చిన మనిషి చేత వివరింపజేసి "సవర" అనే రాయించాలి. వందేళ్ల కిందటే గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని ఆ పిల్లలకు వాచకాలు, ఆ భాషకు నిఘంటువు రాశారు. ఆయన పుట్టిన పర్వతాలపేట మన జిల్లాదే. ఆయన ఒక్కరే అంత చేసిన చోట, ఒక్క ఫారం చదివి చెప్పే మనిషిని వెతకడం మనకు పెద్ద పని కాకూడదు.

అమెరికా వెళ్లే అమ్మానాన్నలకు

పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లు మన జిల్లాల నుంచి ఎక్కువయ్యారు కాబట్టి ఇది కూడా. అక్కడ భాష సంగతి చట్టంలోనే ఉంది. 1964 నాటి పౌరహక్కుల చట్టం, 2010 నాటి ఆరోగ్య చట్టంలోని 1557వ సెక్షన్ ప్రకారం, కేంద్ర ప్రభుత్వ డబ్బు తీసుకునే ఆసుపత్రులు, ఆరోగ్య ప్లాన్లు ఇంగ్లీషు సరిగా రానివాళ్లకు ఉచితంగా దుబాసీని ఇవ్వాలి. అక్కడి ఆసుపత్రుల్లో చాలా వాటికి ఆ డబ్బు అందుతుంది. అమ్మానాన్నలు చెప్పాల్సిన మాట చిన్నదే: "తెలుగు ఇంటర్‌ప్రెటర్ ప్లీజ్." ఫోనులోనో వీడియోలోనో తెలుగు మనిషిని కలుపుతారు. దానికి డబ్బు అడగకూడదు, "మీ అబ్బాయిని తెచ్చుకోండి" అనకూడదు. చిన్నపిల్లల చేత అనువాదం చేయించడం అక్కడ నిషిద్ధం, ప్రాణం మీదకొచ్చిన వేళ వేరే దారి లేకపోతే తప్ప. అమ్మమ్మ గర్భసంచి సంగతి పదేళ్ల మనవడు డాక్టరుకి చెప్పాల్సిన అవసరం లేదు.

అక్కడ స్థిరపడి మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వాళ్లకు అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) లాంటి ప్లానులో ఉన్నవాళ్లకు ఇంకో హక్కు ఉంది. ఆ ప్లాన్లు రాష్ట్రంతో చేసుకునే ఒప్పందంలోనే భాషా నిబంధనలు ఉంటాయి. ఆ రాష్ట్రంలో ఎక్కువమంది మాట్లాడే భాషల్లో ముఖ్యమైన పత్రాలు ఇవ్వాలి. నోటితో చెప్పే అనువాదం మాత్రం ఏ భాషకైనా ఇవ్వాలి. ఆ పెద్ద భాషల జాబితాలో తెలుగు లేకపోయినా ఫోనులో తెలుగు మనిషిని అడగొచ్చు. యంత్రం చేసిన అనువాదాన్ని ముఖ్యమైన పత్రాలకు వాడితే, అర్హత ఉన్న మనిషి దాన్ని సరిచూడాలని 2024లో వచ్చిన నియమం చెబుతోంది. ఫోను అనువాదాన్ని నమ్మి సంతకం పెట్టొద్దని నేను ఇందాక అన్నది ఇందుకే. వెళ్లేముందు ఇక్కడ తీసుకునే ప్రయాణ బీమా మాత్రం మన దేశపు కంపెనీదే అయితే దాని షీటు ఇక్కడే, విమానం ఎక్కకముందే తెలుగులో అడగండి.

తిరస్కరిస్తే

ఉత్తరంలో పాలసీలోని ఏ షరతు కింద తిరస్కరించారో రాయాలి. ఆ షరతు మీకు తెలుగులో వివరించమని అడుగుతూ ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. వాళ్లు 14 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే బీమా భరోసా పోర్టల్‌లోనో, 155255 నంబరుకు ఫోను చేసో ఐఆర్‌డీఏఐకి చెప్పండి. ఆ నంబరులో తెలుగులో మాట్లాడతారు. ఫిర్యాదు నంబరు తప్పకుండా రాసుకోండి.

అక్కడా తేలకపోతే బీమా అంబుడ్స్‌మన్. మన రాష్ట్రానికి ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది. 50 లక్షల దాకా ఉన్న తగాదాలు వింటారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు పెట్టొచ్చు. కంపెనీకి రాసి నెల రోజులు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు మీకు సమ్మతం కాకపోయినా వెళ్లొచ్చు. శ్రీకాకుళంలో, విజయనగరంలో ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్ ఇంకో దారి. కట్టిన ప్రీమియం ఐదు లక్షల లోపు అయితే అక్కడ కూడా ఫీజు ఉండదు.

ఎక్కడికి వెళ్లినా ఫిర్యాదుతో పాటు ఇవి జత చేయండి: నింపిన ప్రపోజల్ ఫారం కాపీ లేదా ట్యాబు పేజీ ఫోటో, తెలుగు షీటు అడిగిన ఉత్తరం మీద ముద్ర వేసిన కాపీ, వాళ్ల జవాబు, డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు, తిరస్కరించిన ఉత్తరం. ప్రపోజల్ ఫారం కాపీ మీ దగ్గర లేకపోతే కంపెనీని రాసి అడగండి, పాలసీతో పాటు అది మీకు ఇవ్వాల్సిందే. గడువు తప్పిపోవద్దు. అంబుడ్స్‌మన్ దగ్గర ఉండేది ఒక్క ఏడాదే. కంపెనీ మీ ఫిర్యాదును తోసిపుచ్చిన ఉత్తరం అందిన రోజు నుంచి లెక్కపెట్టుకోండి, ఆ తేదీని ఫైలు అట్ట మీదే రాసి పెట్టుకోండి.